గడువు ఎవరిది? కట్టని ఇంటి క్రయంలో జాప్యం: పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో చారిత్రక పరిశీలన

ప్రవేశిక

ప్లాను చూసి ఇల్లు కొనడం, చెప్పిన తేదీకి అది చేతికి రాకపోవడం హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల సమస్యగానే ఇంతవరకు ఎక్కువగా చర్చకు వచ్చింది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వంటి పశ్చిమ ప్రకాశం పట్టణాలకు ఆ చర్చలో చోటు దొరకలేదు. అందుకు కారణం స్పష్టమే. ఇక్కడ బహుళ అంతస్తుల భవనాలు తక్కువ. పలకల పరిశ్రమ, మెట్ట వ్యవసాయం, వలస ఈ ప్రాంత జీవికకు ఆధారాలు. ఇక్కడి నుండి వలస వెళ్లిన కూలీలలో చాలామంది మహానగరాల్లో ఇతరులు ప్లాను చూసి కొన్న ఇళ్లకే ఇటుకలు మోస్తున్నారు.

అయితే ఇంకా రూపు దాల్చని ఆస్తికి ముందుగా మూల్యం చెల్లించి స్వాధీనం కోసం ఎదురుచూడడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. బయానా ఇచ్చి రిజిస్ట్రేషన్ కోసం తిరిగే రైతు, కంతులు కట్టి ప్లాటు కోసం చూసిన చిరుద్యోగి, ఊరిని ప్రాజెక్టుకు అప్పగించి కాలనీ కోసం నిరీక్షించే ముంపు గ్రామస్థుడు ఒకే ప్రశ్నను వేర్వేరు రూపాల్లో ఎదుర్కొన్నారు. గడువు తప్పినప్పుడు ఆ కాలానికి వెల ఎవరు కట్టాలి అన్నదే ఆ ప్రశ్న. దీనికి ధర్మశాస్త్రం ఒక సమాధానం చెప్పింది. వలస పాలన నాటి న్యాయం మరొకటి చెప్పింది. 2016 నాటి చట్టం ఇంకొకటి చెప్పింది. ఈ మూడింటి క్రమాన్నీ, ఆ క్రమంలో పశ్చిమ ప్రకాశం ఎక్కడ నిలిచిందన్న విషయాన్నీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంచకారం, బయానా

కొనుగోలు మాట ఖాయమైందనడానికి గుర్తుగా ముందే ఇచ్చే సొమ్మును నేడు బయానా, అడ్వాన్సు అంటున్నారు. బయానా అరబీ, పారశీకాల మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. అంతకు ముందే తెలుగులో సంచకారం అనే పదం ఉంది. దానికి మూలం సంస్కృతంలోని సత్యంకారం. మాటను సత్యం చేసేది అని ఆ పదానికి అర్థం. మూడు పదాలూ ఒకే వస్తువును సూచిస్తున్నట్లు కనిపించినా వాటి వెనుక ఉన్న భావన ఒకటి కాదు. అడ్వాన్సు అంటే ధరలో ముందుగా చెల్లించిన భాగం మాత్రమే. సత్యంకారం ఉభయులనూ కట్టిపడేసే పూచీ.

యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయం సత్యంకారంగా తీసుకున్న ద్రవ్యాన్ని రెట్టింపుగా తిరిగి ఇప్పించాలని విధించింది. దీనికి విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో ఇచ్చిన వివరణ మరింత ఉపయోగకరమైనది. క్రయ విక్రయాల ఒప్పందం నెరవేరడానికి ఉంగరం వంటి వస్తువును ఎదుటివారి చేతిలో ఉంచినప్పుడు, ఇచ్చినవాడే మాట తప్పితే ఆ వస్తువును వదులుకోవాలి. పుచ్చుకున్నవాడు మాట తప్పితే దానికి రెట్టింపు ఇవ్వాలి. కొనేవానికీ అమ్మేవానికీ మాట తప్పిన ఖరీదు ముందే నిర్ణయమై ఉండడం ఇక్కడ గమనించవలసిన అంశం. మితాక్షరను కేతన పదమూడవ శతాబ్దంలో విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. అంటే వ్యవహార ధర్మం తెలుగులో పద్యరూపం పొందిన తొలి గ్రంథాలలో ఒకదానికి మూలం ఈ సంప్రదాయమే. గ్రామాల్లోని బేరాలన్నీ స్మృతుల ప్రకారమే జరిగాయని దీని ఆధారంగా చెప్పడం తొందరపాటే అవుతుంది. కాని అమ్మకందారు మాట తప్పితే బయానాకు రెట్టింపు చెల్లించాలన్న షరతు నేటికీ క్రయ అగ్రిమెంట్లలో అక్కడక్కడ కనిపిస్తూనే ఉంది. దస్తావేజు లేఖరులు దానిని ఏ చట్టం చూసీ రాయరు. అది వాడుకగా వచ్చింది.

ఇక్కడ మరొక మాట గురించి కూడా చెప్పుకోవాలి. మిగిలిన సొమ్ము చెల్లించి హక్కు బదిలీ చేయించుకునే ఘట్టాన్ని ఆస్ట్రేలియా వ్యవహారంలో సెటిల్‌మెంట్ అంటారు. తెలుగులో ఆ మాట ఆ అర్థంలో స్థిరపడలేదు. రెవెన్యూ పరిభాషలో సెటిల్‌మెంట్ అంటే శిస్తు నిర్ణయం. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో అది కుటుంబసభ్యుల పేరిట ఆస్తిని రాసి ఇచ్చే దస్తావేజు. ఊరి మాటల్లో అది పెద్దమనుషులో, కొన్నిచోట్ల పెద్దమనుషులు కానివారో కూర్చుని తేల్చే తగాదా. క్రయం గడువులో ముగియనప్పుడు వ్యవహారం చేరేది చాలాసార్లు ఈ మూడవ అర్థం దగ్గరికే కావడం యాదృచ్ఛికం కాదు.

కాలం ప్రధానం కాదన్న న్యాయం

వలస పాలనలో క్రయ ఒప్పందం మూడు శాసనాల కిందికి వచ్చింది. 1872 నాటి ఒప్పందాల చట్టం, 1877 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. వీటిలో చివరి దాని 54వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి క్రయ ఒప్పందం తనంతట తానుగా ఆ ఆస్తిలో ఏ హక్కునూ సృష్టించదు. 55వ సెక్షన్ మాత్రం కొనుగోలుదారు ముందుగా చెల్లించిన మూల్యానికి అమ్మకందారు ఆస్తి మీద పూచీని కల్పించింది. కొనుగోలుదారుకు ఇల్లు తనదని చెప్పే హక్కు లేకపోయినా, ఇల్లు తన సొమ్ముకు హామీ అని చెప్పుకునే హక్కు దక్కింది. రెండో హక్కు మీద ఆధారపడిన వ్యాజ్యాలు మొదటిదాని కోసం సాగిన వ్యాజ్యాలతో పోలిస్తే అరుదు. కొనేవానికి కావలసింది సొమ్ము కాదు, ఇల్లు అన్నది అందుకు ఒక కారణం కావచ్చు.

గడువు విషయంలో ప్రీవీ కౌన్సిల్ 1915లో జంషెడ్ ఖోదారాం ఇరానీ, బుర్జోర్జీ ధన్‌జీభాయ్ వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పు చాలాకాలం దారి చూపింది. స్థిరాస్తి ఒప్పందంలో తేదీ రాసి ఉన్నంత మాత్రాన కాలమే ఒప్పందానికి ప్రాణమని భావించనక్కరలేదు, ఉభయుల నిజమైన ఉద్దేశాన్ని చూడాలి అన్నది అందులోని సూత్రం. చిన్న ఆలస్యానికి బేరమంతా రద్దు కాకూడదన్న దయ ఇందులో ఉంది. 1993లో చాంద్ రాణి, కమల్ రాణి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా స్థిరాస్తి క్రయంలో కాలం ప్రధానమన్న ఊహ చేయరాదనీ, అయితే షరతులను, పరిస్థితులను బట్టి అలా నిర్ధారించవచ్చుననీ తెలిపింది.

ఈ సూత్రం కాగితం మీద ఉభయులకూ వర్తిస్తుంది. ఆచరణలో దాని బరువు సమానంగా పడలేదు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఒప్పందాన్ని అమలు చేయించమని కోరే కొనుగోలుదారు తాను మొదటి నుండి సిద్ధంగా, సుముఖంగా ఉన్నట్లు రుజువు చేసుకోవాలి. జాప్యం అమ్మకందారుదే అయినా రుజువు భారం ఎదురుచూసినవానిది. పరిమితి చట్టం 54వ అధికరణం నిర్ణయించిన గడువు తేదీ నుండి, తేదీ లేకపోతే నిరాకరణ తెలిసిన నాటి నుండి మూడేళ్లలోపు దావా వేయమంటుంది. పంట రాగానే, కూతురి పెళ్లి కాగానే, అన్నదమ్ములు సంతకం పెట్టగానే అంటూ వాయిదాలు విన్న కొనుగోలుదారుకు ఆ మూడేళ్లు నోటి మాటల్లోనే కరిగిపోతాయి.

భూముల ధరలు నిలకడగా ఉన్న కాలంలో పుట్టిన ఈ సూత్రం ధరలు ఎగబాకుతున్న కాలానికి తగదని గుర్తించింది కూడా న్యాయస్థానాలే. 1997లో కె.ఎస్. విద్యానదం వ్యాజ్యంలోనూ, 2011లో శారదామణి కందప్పన్ వ్యాజ్యంలోనూ సుప్రీంకోర్టు పట్టణ భూముల విలువ పెరుగుదలను పరిగణించి, గడువు షరతులకు ఎక్కువ విలువ ఇవ్వాలని సూచించింది. కాని ఆ రెండు సందర్భాల్లోనూ ఆలస్యం కొనుగోలుదారుది. ధర పెరిగినప్పుడు ఆలస్యం చేసిన కొనుగోలుదారు లాభపడకూడదన్న తర్కాన్ని న్యాయం త్వరగానే అందుకుంది. ధర పెరిగినందువల్లనే అమ్మకందారు ఆలస్యం చేస్తాడన్న తర్కానికి శాసనరూపం రావడానికి మరికొన్నేళ్లు పట్టింది.

రికార్డులోని చుక్కలు

పశ్చిమ ప్రకాశంలో రిజిస్ట్రేషన్ ఆలస్యం కావడానికి అమ్మకందారు దురుద్దేశం ఒక్కటే కారణమనుకుంటే చరిత్రను విస్మరించినట్లే. మార్కాపురం, కంభం ప్రాంతాలు దత్తమండలాలతో పాటు 1800లో కంపెనీ పాలనలోకి వచ్చి మొదట కడప జిల్లాలో ఉండి, 1858లో ఏర్పడిన కర్నూలు జిల్లాలో చేరాయి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు నుండి, కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు ప్రాంతాలు నెల్లూరు నుండి, ఒంగోలు, అద్దంకి ప్రాంతాలు గుంటూరు నుండి వచ్చి కలిశాయి. 1972లో అది ప్రకాశం జిల్లా అయింది. ఒకే జిల్లాలో మూడు జిల్లాల రికార్డు సంప్రదాయాలు కలిసి ఉండడానికి ఇదే మూలం. నేడు మార్కాపురంలో ఒక స్థలం కొనేవాడు హక్కు పరంపరను వెతుక్కుంటూ పోతే పాత దస్తావేజులో కర్నూలు జిల్లా అన్న మాట ఎదురవుతుంది.

బ్రిటిష్ పాలనలో జరిగిన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లలో పట్టాదారు పేరు ఉండవలసిన గడిలో పేరుకు బదులు చుక్కలు పెట్టిన భూములను చుక్కల భూములని వ్యవహరిస్తున్నారు. ఆ నాటి ఉద్యోగి హక్కుదారు ఎవరో తేలక వదిలిన ఖాళీ వందేళ్ల తరువాత వారసులకు అడ్డుగోడ అయింది. రిజిస్ట్రేషన్ చట్టానికి రాష్ట్రం చేర్చిన 22-ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలు సిద్ధమైనప్పుడు ఇటువంటి భూములెన్నో అందులోకి వెళ్లాయి. సాగు చేస్తున్నవాడు అగ్రిమెంటు రాసి ఇవ్వగలడు, అడ్వాన్సు తీసుకోగలడు. రిజిస్ట్రేషన్ మాత్రం చేయించలేడు. 2017లో చుక్కల భూముల చట్టం పన్నెండేళ్లకు పైబడిన స్వాధీనాన్ని ఆధారంగా తీసుకుని హక్కు నిర్ణయానికి దారి చేసింది. 2023లో రాష్ట్రవ్యాప్తంగా రెండు లక్షల ఎకరాలకు పైగా చుక్కల భూములను నిషేధిత జాబితా నుండి తొలగించారు. ఇదే విధంగా 1977 నాటి చట్టం అసైన్డ్ భూముల బదిలీని నిషేధించింది. అయినా వాటి మీద అగ్రిమెంట్లు పుట్టడం ఆగలేదు.

లేఅవుట్ల సంగతి దీనికి దగ్గరిదే. పంట పొలంలో రాళ్లు పాతి, రంగుల ప్లాను వేసి, ఆమోదం తరువాత వస్తుందని చెప్పి అమ్మిన ప్లాట్లు ఎన్ని ఉన్నాయో చెప్పడానికి ప్రభుత్వం వరుసగా తెచ్చిన క్రమబద్ధీకరణ పథకాలే సాక్ష్యం. 2020 జనవరిలో వెలువడిన నియమాలు 2019 ఆగస్టు 31కి ముందు అమ్ముడైన అనధికార ప్లాట్లకు రుసుముతో అవకాశం ఇచ్చాయి. రుసుము కట్టాల్సి వచ్చింది ఎక్కువగా ప్లాటు కొన్నవారే. లేఅవుట్ వేసినవాని తప్పిదానికి ఆలస్యపు ఖర్చు మళ్లీ కొన్నవాని ఖాతాలోనే పడింది.

కంతుల ప్లాటు

కంతులు కడితే కొన్నేళ్లకు ప్లాటు లేదా అంతకు సమానమైన సొమ్ము ఇస్తామన్న పథకాలు చిన్న పట్టణాల్లో ఎంతగా పాతుకుపోయాయో అగ్రిగోల్డ్ పతనం చూపింది. విజయవాడ కేంద్రంగా పనిచేసిన ఈ సంస్థ చెల్లింపులు ఆపేసిన 2014 చివరి నాటికి పలు రాష్ట్రాల్లో డిపాజిటర్లు సుమారు 32 లక్షల మంది. వారిలో ఆంధ్రప్రదేశ్‌వారే ఎక్కువ. ఏజెంటు చాలాసార్లు బంధువో, పొరుగువాడో. కనుక గడువు తప్పినప్పుడు నిలదీయవలసిన మనిషి ఇంటి పక్కనే ఉంటాడు గాని, జవాబు చెప్పగల మనిషి ఎక్కడా ఉండడు. ప్లాటుకు కట్టిన సొమ్ము డిపాజిట్టా, ధరలో భాగమా అన్న ప్రశ్న తేలేలోగా సంస్థ ఆస్తులు జప్తు అయ్యాయి. 2019లో పదివేల రూపాయల లోపు, 2021లో ఇరవైవేల రూపాయల లోపు డిపాజిటర్లకు రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుండి చెల్లించింది. వాళ్లు కొన్నది స్థలం. వాళ్లకు చేరింది ఏళ్ల తరువాత, వడ్డీ లేని అసలు.

2016 చట్టం తెచ్చిన మార్పు

కట్టబోయే ఇంటి అమ్మకాన్ని ప్రత్యేక వ్యవహారంగా గుర్తించిన తొలి శాసనాలలో 1963 నాటి మహారాష్ట్ర చట్టం ఒకటి. స్వాధీనం ఇవ్వలేకపోతే తొమ్మిది శాతం వడ్డీతో సొమ్ము తిరిగి ఇవ్వాలని అది ఆనాడే చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 1987లో అపార్టుమెంట్ల చట్టం చేసింది. 1993లో లక్నో అభివృద్ధి సంస్థ, ఎం.కె. గుప్తా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు గృహ నిర్మాణం కూడా సేవే అని, జాప్యం సేవాలోపమని తేల్చడంతో వినియోగదారుల ఫోరాలకు దారి తెరుచుకుంది.

2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 2017 మే 1 నుండి పూర్తిగా అమలులోకి వచ్చింది. వాడుకలో రెరా అంటున్న ఈ చట్టంలో గడువుకు సంబంధించిన ఏర్పాట్లు నాలుగు చోట్ల ఉన్నాయి. నిర్మాణం పూర్తి చేసే తేదీని ప్రమోటరు రిజిస్ట్రేషన్ సమయంలోనే ప్రకటించాలి. కొనుగోలుదారుల నుండి వచ్చిన సొమ్ములో డెబ్బై శాతాన్ని ఆ ప్రాజెక్టు ఖర్చులకే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. రిజిస్టరు అయిన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోరాదు. అన్నిటికంటే ముఖ్యమైనది 18వ సెక్షన్. చెప్పిన తేదీకి స్వాధీనం ఇవ్వకపోతే కొనుగోలుదారు వైదొలగి సొమ్మును వడ్డీతో తిరిగి తీసుకోవచ్చు. వైదొలగడం ఇష్టం లేకపోతే స్వాధీనం వచ్చేదాకా ప్రతి నెల ఆలస్యానికి వడ్డీ పొందవచ్చు. ఈ ఎంపిక కొనుగోలుదారుదే. తిరిగి చెల్లింపు కోరే హక్కు షరతులు లేనిదని 2021లో న్యూటెక్ ప్రమోటర్స్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

యాజ్ఞవల్క్యుడు చెప్పిన రెట్టింపు సొమ్ముకూ, ఈ నెలవారీ వడ్డీకీ మధ్య ఉన్న పోలిక పైపైది కాదు. రెండింటిలోనూ సొమ్ము పుచ్చుకున్నవాని మాటకు వెల ఉంది. ప్రీవీ కౌన్సిల్ సూత్రంలో ఆ వెల కనిపించదు. వలస న్యాయం సడలించిన గడువును స్వతంత్ర భారత శాసనం నూరేళ్ల తరువాత మళ్లీ బిగించిందని దీనిని అర్థం చేసుకోవాలి. ఇతర దేశాల్లోనూ ఈ బిగింపు ఆలస్యంగానే జరిగింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో నిర్మాణం నిర్ణీత తేదీకి పూర్తికాకపోతే ఒప్పందం రద్దు చేసుకోవచ్చన్న షరతు కొనుగోలుదారు రక్షణకే పుట్టింది. ధరలు పెరిగినప్పుడు కొందరు నిర్మాణదారులు ఆ షరతునే వాడుకుని పాత ఒప్పందాలు రద్దు చేసి ఎక్కువ ధరకు అమ్ముకున్నారన్న ఫిర్యాదులు వచ్చాయి. దానితో 2015లో కొనుగోలుదారు సమ్మతి గాని, కోర్టు అనుమతి గాని లేకుండా అటువంటి రద్దు చెల్లదని అక్కడ చట్టం చేశారు.

పశ్చిమ ప్రకాశం దృష్టితో చూస్తే 2016 చట్టానికి ఒక పరిమితి ఉంది. ఐదు వందల చదరపు మీటర్లకు మించని స్థలంలోని ప్రాజెక్టులకు, ఎనిమిదికి మించని ఫ్లాట్లకు రిజిస్ట్రేషన్ అక్కరలేదు. మహానగరంలో ఇది చిన్న మినహాయింపు. మార్కాపురం, గిద్దలూరు వంటి చోట్ల ఒక మేస్త్రీ, ఒక స్థల యజమాని కలిసి కట్టే నాలుగైదు వాటాల ఇల్లే వాడుక కనుక అక్కడ మినహాయింపే నియమం అవుతుంది. అటువంటి ఇంటికి అడ్వాన్సు ఇచ్చినవానికి ఇప్పటికీ మిగిలేవి 1882, 1963 నాటి చట్టాలు, వినియోగదారుల కమిషన్, ఊరి పెద్దలు.

పన్ను శాసనం దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడిచింది. 1961 ఆదాయపు పన్ను చట్టం 24వ సెక్షన్ ప్రకారం సొంత ఇంటి రుణంపై వడ్డీకి ఏటా రెండు లక్షల రూపాయల దాకా మినహాయింపు ఉండేది. రుణం తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన ఐదేళ్లలోపు నిర్మాణం పూర్తికాకపోతే అది ముప్పై వేలకు పడిపోయేది. కట్టవలసినవాడు ఆలస్యం చేస్తే అప్పు తీసుకున్నవాని మినహాయింపు తగ్గడంలోని వైరుధ్యం శాసనకర్తల దృష్టికి రాలేదనుకోవడం కష్టం.

ప్రభుత్వమే అమ్మకందారు అయినప్పుడు

2015 జూన్‌లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం కింద ఆంధ్రప్రదేశ్ టౌన్‌షిప్, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ చేపట్టిన ఇళ్లను ప్రజలు టిడ్కో ఇళ్లు అంటారు. షియర్‌వాల్ పద్ధతిలో నేల అంతస్తు, పైన మూడు అంతస్తులు, 300, 365, 430 చదరపు అడుగుల మూడు రకాలు. 300 అడుగుల ఇంటికి ఐదు వందల రూపాయలు, 365 అడుగుల దానికి యాభై వేలు, 430 అడుగుల దానికి లక్ష రూపాయలు లబ్ధిదారు వాటా. కేంద్ర, రాష్ట్ర సహాయం పోను మిగిలింది బ్యాంకు రుణం. డబ్బు కట్టి, కేటాయింపు పత్రం పొంది, పునాది స్థాయిలో ఉన్న ఇంటిని తమదిగా చెప్పుకున్న పేద, దిగువ మధ్యతరగతి కుటుంబాలకు ప్లాను చూసి కొనడం ఇదే మొదటి అనుభవం.

2019లో ప్రభుత్వం మారాక పథకం మళ్లీ లెక్కలోకి వచ్చింది. 88 పట్టణ స్థానిక సంస్థల్లో 2,62,216 ఇళ్లకు దానిని కుదించారు. 300 అడుగుల ఇంటిని ఒక రూపాయికే ఇస్తామన్నారు, మిగిలిన రెండు రకాలకు లబ్ధిదారు వాటాను సగానికి తగ్గించారు. ధర తగ్గింది, గడువు పెరిగింది. గోడలు లేచిన చోట తాగునీరు, మురుగు కాలువ, రోడ్డు, విద్యుత్తు రాలేదు. ఈలోగా లబ్ధిదారుల పేర రుణాలు మంజూరై, తాళం చేతికి రాకముందే పలుచోట్ల బ్యాంకుల నుండి కంతుల నోటీసులు వచ్చాయి. అద్దె ఇంట్లో ఉంటూ, సొంత ఇంటి కంతు కట్టడమన్న స్థితి 2022లో చైనాలో కొనుగోలుదారులను వీధికి తెచ్చింది. ఆగిపోయిన నిర్మాణాలకు రుణం చెల్లించబోమని ఆ ఏడాది జులైలో అనేక నగరాల కొనుగోలుదారులు సామూహికంగా ప్రకటించారు. ఇక్కడ అటువంటి సామూహిక నిరాకరణ జరగలేదు. లబ్ధిదారు అన్న మాటే అందుకు కొంత కారణం కావచ్చు. కొనుగోలుదారుకు గడువును అడిగే హక్కు ఉంటుంది. లబ్ధిదారుకు పేరు జాబితాలో నిలుస్తుందో లేదో అన్న భయం ఉంటుంది. 2016 చట్టంలోని ప్రమోటరు నిర్వచనంలో ప్రభుత్వ సంస్థలు కూడా ఉన్నాయన్న సంగతి ఆ భయం ముందు పనికి రాలేదు.

ఊరిని ఇచ్చి కొన్న కాలనీ

పశ్చిమ ప్రకాశంలో కట్టని ఇంటికి అత్యధిక మూల్యం చెల్లించింది వెలిగొండ ముంపు గ్రామాల వారు. కమ్యూనిస్టు నాయకుడు, యర్రగొండపాలెం శాసనసభ్యుడిగా పనిచేసిన పూల సుబ్బయ్య పేరిట ఉన్న ఈ ప్రాజెక్టుకు 1996 మార్చి 5న గొట్టిపడియ వద్ద శంకుస్థాపన జరిగింది. 2004 అక్టోబరులో పనులకు మళ్లీ శంకుస్థాపన చేశారు. శ్రీశైలం జలాశయం నుండి కొల్లంవాగు వద్ద వరద నీటిని తీసుకుని 18.8 కిలోమీటర్ల జంట సొరంగాల ద్వారా నల్లమలను దాటించి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల కనుమలను ఆనకట్టలతో మూసి ఏర్పరచిన నల్లమలసాగర్‌లో 53.85 టీఎంసీలు నిలపడం ప్రణాళిక. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, ఫ్లోరైడుతో బాధపడుతున్న పల్లెలకు తాగునీరు లక్ష్యం. ముంపులో ఉన్నవి సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ సహా పదకొండు గ్రామాలు, ఏడు వేలకు పైగా కుటుంబాలు.

ఇది క్రయం కాదని సాంకేతికంగా అనవచ్చు. భూసేకరణలో అమ్మేవానికి అమ్మనన్న స్వేచ్ఛ లేదు. అయినా వ్యవహారంలోని అంగాలన్నీ ఇందులో ఉన్నాయి. ఇచ్చే ఆస్తి ఉంది. బదులుగా ప్లానులో చూపిన కాలనీ, అందులో స్థలం, ఇల్లు, బడి, తాగునీరు, శ్మశానం ఉన్నాయి. మధ్యలో గడువు ఉంది. తేడా అల్లా మూల్యం రూపంలో ఉంది. ప్లాను చూసి ఫ్లాటు కొనేవాడు పొదుపు చేసిన సొమ్మును ఇస్తాడు. ముంపు గ్రామస్థుడు తాను నిలబడి ఉన్న నేలనే ఇస్తాడు. అందుకే జాప్యం అతన్ని రెండు వైపులా కోస్తుంది. కొత్త ఇల్లు రాదు. మునిగిపోయే ఊళ్లో పాత ఇంటికి మరమ్మతు చేయించడానికీ, బోరు వేయించడానికీ చేయి రాదు. ప్రభుత్వం కూడా పోయే ఊరికి కొత్త రోడ్డు వేయదు. అటువంటి గ్రామం మునగకముందే ఆగిపోతుంది.

2014 జనవరి 1న అమలులోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం 38వ సెక్షన్ ఇక్కడ గడువులను రాసి పెట్టింది. అవార్డు వెలువడిన మూడు నెలల్లో పరిహారం, ఆరు నెలల్లో పునరావాస ప్యాకేజీలోని నగదు, పద్దెనిమిది నెలల్లో కాలనీ మౌలిక వసతులు. నీటిపారుదల ప్రాజెక్టు అయితే ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలి. 2016 చట్టంలో ప్రమోటరు గడువు క్యాలెండరుకు కట్టి ఉంటుంది. ఇక్కడి చివరి గడువు నీటికి కట్టి ఉంది. నీరు ఆలస్యమైతే ఆ గడువూ దానితోపాటు జరుగుతూనే ఉంటుంది. సొరంగాలు పూర్తయినట్లు ప్రకటించి 2024 మార్చి 6న వాటిని జాతికి అంకితం చేసే నాటికి కూడా గ్రామాల తరలింపు పూర్తికాలేదు. ఊళ్లు ఖాళీ కానిదే జలాశయంలో నీరు నిలపలేరు. నీరు నిలపనంతకాలం పునరావాసం గడువు దాటిందని అనడానికి లేదు.

కాలనీ ఇల్లు వద్దనుకున్న కుటుంబాలకు వన్‌టైమ్ సెటిల్‌మెంట్ పేరిట ఒకేసారి నగదు ఇచ్చే ఏర్పాటు కూడా వచ్చింది. సెటిల్‌మెంట్ అన్న మాటకు పశ్చిమ ప్రకాశంలో దొరికిన నాలుగవ అర్థం ఇది. పైకి 18వ సెక్షన్‌లోని వైదొలగే హక్కును ఇది పోలి ఉన్నా, పోలిక అంతవరకే. ఆగి ఉండాలనుకున్న ఫ్లాటు కొనుగోలుదారుకు ప్రతి నెలా వడ్డీ వస్తుంది. ఆగి ఉన్న ముంపు కుటుంబానికి నెలకు వచ్చేదేమీ లేదు. ఆ నగదు తీసుకుని మార్కాపురం పరిసరాల్లో స్థలం కొనబోయిన కుటుంబం మళ్లీ మొదటికి వస్తుంది. బయానా ఇవ్వాలి, అగ్రిమెంటు రాయించుకోవాలి, 22-ఏ జాబితా చూసుకోవాలి.

పునరావాస జాబితాల విషయంలో ముంపు గ్రామాల నుండి పదేపదే వచ్చిన అభ్యర్థన కటాఫ్ తేదీకి సంబంధించినది. ఇంటి ప్లానులో గదుల సంఖ్య మారదు, ఇంటిలోని మనుషులు మారుతారు. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ గాని పురుషుడు గాని, పెళ్లి అయినా కాకపోయినా ప్రత్యేక కుటుంబమేనని 2013 నాటి చట్టం నిర్వచించింది. కనుక ఏ తేదీ నాటికి వయసును లెక్కించాలన్నదే ఎన్ని ఇళ్లు కట్టాలన్న దానిని నిర్ణయిస్తుంది. గొట్టిపడియలో తొలి శంకుస్థాపన జరిగిన రోజున పుట్టిన బిడ్డకు 2014 మార్చిలో, ఆ చట్టం అమలులోకి వచ్చిన రెండు నెలలకు, పద్దెనిమిదేళ్లు నిండాయి.